సింహగిరి యాత్ర

పురుషుడు యాత్రకు బయలుదేఱునప్పుడు సంచి సర్దుకొనును. స్త్రీ బయలుదేఱునప్పుడు ఇల్లంతయు సర్దవలసి యుండును. పాలు పితుకువారెవరు, పిల్లలకు వేళకు అన్నము పెట్టువారెవరు, అన్నింటికంటె ముందు నీరు తెచ్చువారెవరు? ఈ కడపటి ప్రశ్నకు జవాబు దొరకక మా అత్తగారి మ్రొక్కొకటి ఏబది యేండ్లు నిలిచిపోయినది. గడచిన మాఘమాసమున అది తీఱినది. తీఱిన విధమును, ఆ సందర్భమున మేము చూచిన సింహాచలక్షేత్ర విశేషములను సోదరీమణులకు విన్నవించుటకై ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

మాది దర్శి ప్రాంతము. మా ప్రకాశము జిల్లాకు సముద్రతీరము కలదు గాని, అది కొత్తపట్నము, సింగరాయకొండల వారి సొత్తు. మాకు కలవి కందిచేలు, మిరపతోటలు, ఎండకు నెఱ్ఱెలు విచ్చిన నల్లరేగడి, నడుమ నడుమ రాతిగుట్టలు. ఇంకను పడమటికి మార్కాపురము, గిద్దలూరు వైపునకు పోయినగాని నల్లమల పచ్చదనము కంటబడదు. మా నేలలో నీరు తక్కువ. ఉన్న నీటిలోను పెక్కు తావుల ఫ్లోరైడు హెచ్చు. అది భూమిలోని రాతినుండి నీటిలోనికి దిగు పదార్థము. లీటరు నీటికి ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించిన యెడల ఆ నీరు త్రాగరాదని వైద్యులు చెప్పుదురు. అట్టి నీటిని బాల్యమునుండి త్రాగినచో పండ్లకు గారలు పట్టును. ఏండ్ల తరబడి త్రాగినచో ఎముకలు బిగిసి కీళ్లు వంగవు. 1967వ సంవత్సరమున నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిన తరువాత కుడికాలువ నీరు మా వైపునకును వచ్చి కొన్ని యూళ్ల గతి మార్చినది. కాని కాలువకు దూరమున నున్న పల్లెల కష్టము అంత త్వరగా తీఱలేదు.

మా అత్తగారు కోడలుగా అడుగుపెట్టిన యూరు అట్టి పల్లె. మంచినీటి బావి మైలు దూరము. ఉదయము మూడు బిందెలు, సాయంకాలము రెండు బిందెలు. పండుగ వచ్చినను, జ్వరము వచ్చినను ఈ లెక్క తప్పెడిది కాదు. ఆ దినములలో ఆ యూరి బడిపంతులుగారి భార్య విజయనగరము వైపునుండి వచ్చిన యిల్లాలు. బావిగట్టున కూర్చుండి ఆమె సింహాద్రి అప్పన్న మహిమలను, చందనపు పూతను, కొండపై సంపెంగల పరిమళమును వర్ణించుచుండగా మా అత్తగారు వినెడివారట. తరువాత కొంతకాలమునకు వారి చిన్నకుమారునకు మూడవయేట విషజ్వరము వచ్చినది. ఆశ సన్నగిల్లిన యొక రాత్రి ఆమె చేతులు జోడించి, "అప్పన్నా, బిడ్డ దక్కితే నీ కొండ మెట్లన్నీ నడిచి ఎక్కుతా" అని మ్రొక్కుకొనిరి. బిడ్డ దక్కెను. నేడాయన ఏబదిమూడేండ్ల గృహస్థు, మా మఱది.

మ్రొక్కు మాత్రము నిలిచిపోయెను. ప్రతి సంవత్సరమును కోతలైన తరువాత ప్రయాణపుమాట వచ్చుట, "మఱి నీళ్లెవరు తెస్తారు?" అను ప్రశ్న పుట్టుట, మాట అణగిపోవుట. కొన్నాళ్లకు మేము కోడండ్రమై వచ్చితిమి. మఱికొన్నాళ్లకు ఇంటిముందుకు కుళాయి వచ్చెను. కుళాయి వచ్చునప్పటికి అత్తగారి మోకాళ్లు పోయెను.

ఈ యేడు సంక్రాంతినాడు ఆమె పిండివంటలు వండుచుండగా హఠాత్తుగా, "నేను పోయేలోగా అప్పన్నను చూడాల" అనిరి. మగవారు, ఈ వయస్సున అంతదూర మెట్లు, ఆన్‌లైనులో పూజ చేయింపవచ్చును గదా యనిరి. ఆమె, "ఆ మొక్కు మీ అందరికన్నా ముందుది" అని మాత్రము పలికి వంటలో మునిగిరి. మఱి మాటాడువారు లేరైరి. అత్తగారు, మా తోడికోడలు, మేము మువ్వురమే పోవలెనని నిశ్చయించుకొంటిమి.

బస్సులో ఒంగోలు చేరి అచట రాత్రి రైలెక్కితిమి. ఒంగోలునుండి విజయవాడకు 139 కిలోమీటర్లు, విజయవాడనుండి విశాఖపట్నమునకు 350. కృష్ణను మెలకువతోను, గోదావరిని నిద్రలోను దాటితిమి. తెల్లవాఱుసరికి కిటికీ బయట దృశ్యము మాఱినది. వరిమళ్ల వెనుక ఆకుపచ్చని కొండలు వరుసలు తీర్చి నిలిచియున్నవి. తూర్పుకనుమలు సముద్రమును చూడవచ్చినట్లు అచట తీరమునకు మిక్కిలి చేరువగా వచ్చును.

విశాఖపట్నము ఉనికి తెలిసికొనిన యెడల సింహగిరి ప్రాముఖ్యము తెలియగలదు. నగరమునకు ఉత్తరమున కైలాసగిరి, సింహాచలముల కొండవరుస; దక్షిణమున యారాడ కొండవరుస; తూర్పున సముద్రము; నడుమ గిన్నెలో పోసినట్లు నగరము. దక్షిణపు వరుస కొన సముద్రములోనికి ముక్కువలె చొచ్చుకొనిపోయినది. దానినే డాల్ఫిన్ ముక్కు అందురు. ఆ కొండ గాలికిని అలలకును అడ్డు నిలిచినందుననే దాని చాటున ఓడరేవు కట్టుటకు వీలైనది. ఆ రేవు 1933వ సంవత్సరమున ఓడలకు తెఱువబడినది. ఇట్లు దక్షిణపు కొండ ఓడలకు ఆశ్రయమైనది. ఉత్తరపు కొండ యాత్రికులకు ఆశ్రయమైనది.

సింహగిరి నగరమునకు ఎంత సన్నిహితమో గిరిప్రదక్షిణమే చెప్పును. ఆషాఢ పూర్ణిమకు ముందునాడు వేలకొలది జనులు కొండ పాదమున తొలిపావంచా కడ కొబ్బరికాయ కొట్టి, పాదచారులై కొండవరుసను చుట్టివత్తురు. అది ఇంచుమించు 32 కిలోమీటర్ల నడక. ఆ త్రోవ అడవివరమునుండి హనుమంతవాక మీదుగా జోడుగుళ్లపాలెమువద్ద సముద్రమును తాకి, సీతమ్మధార, కంచరపాలెము, గోపాలపట్నములగుండ మరల కొండ పాదమునకు చేరును. కొండను చుట్టుట యనిన నగరమును చుట్టుటయే. ఇండ్ల ముంగిళ్లలో గృహిణులు యాత్రికులకు మజ్జిగ, నీళ్లు, పండ్లు అందించుదురు. పేరు తెలియనివారి దాహము తీర్చుటయు ఆనాటి పూజలో నొక భాగము.

మేము చేరిన దినమున అట్టి సమ్మర్దము లేదు. కొండపైకి బస్సులు పోవు దారి కలదు. మెట్లదారియు కలదు, వేయికి పైగా మెట్లు. ఆలయము దాదాపు 800 అడుగుల యెత్తున నున్నది. మేము ఎంత చెప్పినను అత్తగారు మెట్లదారినే పట్టిరి. ఉదయపు చలువలో త్రోవ మనోహరముగ నుండెను. ఇరువైపుల చెట్లు, పనసలు, అనాసమళ్లు. చిన్నచిన్న బుట్టలలో సంపెంగలు పెట్టుకొని అమ్ముచున్న స్త్రీలు. కొందఱు యువతులు మెట్టుమెట్టునకును పసుపు కుంకుమలు దిద్దుచు వంగి లేచుచు పోవుచుండిరి. అత్తగారు వారిని చూచి మందహాసము చేసిరి. ఆమె ఒక చేత చేతికఱ్ఱ, ఒక చేత మా భుజము పట్టి, ప్రతిమెట్టునకును "అప్పన్నా" అనుచు ఎక్కసాగిరి.

నలువది మెట్ల వఱకు బాగుగనే యుండెను. అఱువదవ మెట్టునకు ఆగి ఊపిరి తీసికొనిరి. ఎనుబది దాటిన పిమ్మట కాలు పైకి లేవలేదు. ఆమె ఏడ్చునేమో యని మేము భయపడితిమి, ఆమె ఏడువలేదు. మెట్టుపై కూర్చుండి రెండు మోకాళ్లను తడవుకొనుచు ఇట్లనిరి: "మొక్కుకున్న కాళ్లు ఇవి కావమ్మాయ్. ఆ కాళ్లు బావి తీసుకుంది."

మేమేమి పలుకుదుము? మా తోడికోడలు మాత్రము ఆమె పాదములకడ కూర్చుండి, "అత్తయ్యా, మిగిలిన మెట్లు నేనెక్కుతా. మీరు కూర్చున్న ఈ మెట్టు కాణ్ణుంచి మీ పేరే చెప్పుకొని ఎక్కుతా" అనెను. అత్తగారు కొంతసేపు ఆలోచించిరి. "అట్ట చెల్లుద్దంటావా?" అనిరి. "బిందె మీరు బరువెక్కి దించితే నేనెత్తుకు రాలా? ఇదీ అంతే" అని ఆమె బదులు చెప్పెను. ఆ మాట అత్తగారి మనస్సునకు పట్టినది. తమ చేతికఱ్ఱను తోడికోడలి చేతికిచ్చి, తాము మా భుజము మీద భారము వేసి మెల్లగా దిగివచ్చిరి. మేమిద్దఱము బస్సెక్కితిమి. కొండదారి మలుపులలో ఒకచోట చెట్లు తొలగి నగరము కనబడెను: తెల్లని మేడలు, రైలుపట్టాలు, పొగగొట్టములు, వాటన్నిటి కావల సన్నని నీలిగీత. "ఆ గీత ఏంది?" అని అత్తగారడిగిరి. సముద్రమని చెప్పితిమి. డెబ్బది యేండ్ల ప్రాయమున ఆమె సముద్రమును చూచుట అదియే మొదలు. మలుపు తిరిగి అది మఱుగగు వఱకు ఆమె కన్ను త్రిప్పలేదు.

ఆలయద్వారమువద్ద తోడికోడలు చెమటతో తడిసి, చేతికఱ్ఱతో మాకొఱకు కాచియుండెను. మువ్వురమును కలసి లోపలికి పోయితిమి.

ఈ క్షేత్రమున స్వామి వరాహ లక్ష్మీనృసింహుడు. వరాహావతారము, నృసింహావతారము ఒక్క మూర్తియందే కూడియున్నవి. ప్రహ్లాదుడు మొదట ఇచట కొలిచెననియు, కాలాంతరమున పుట్టలో మఱుగుపడిన మూర్తిని పురూరవ చక్రవర్తి వెలికి తీసెననియు స్థలపురాణము. స్వామి ఉగ్రము చల్లాఱుటకు సంవత్సరమంతయు చందనపు పూతలోనే యుండును. చూపఱులకు లింగాకారముగ తోచును. వైశాఖ శుద్ధ తదియ, అనగా అక్షయతృతీయ యొక్కనాడు మాత్రము ఆ పూత తొలగించి నిజరూప దర్శనము కలిగింతురు. నాటి రాత్రి గంగధారనుండి తెచ్చిన నీటితో వేయి కలశముల అభిషేకము జరుగును. తరువాత మూడు మణుగుల చందనము సమర్పింతురు. వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పూర్ణిమలయందు మఱి మూడు పర్యాయములు అట్లే సమర్పించుటతో పూత పూర్తియగును.

మేము పోయినది మాఘమాసము గనుక చందనరూపమునే చూచితిమి. దర్శనము క్షణకాలమే. అత్తగారు చేతులు జోడించి నిలిచిరి గాని పెదవులు కదలలేదు. ఏమి కోరితిరని పిదప అడుగగా, "కోరడానికేముంది? వచ్చానని చెప్పా" అనిరి.

ముఖమండపమున కప్పస్తంభ మొకటి కలదు. దానిని కౌగిలించుకొని కోరిన కోరిక తీఱునని జనుల నమ్మకము. సంతానము కోరు స్త్రీలు ముఖ్యముగా దానిని ఆశ్రయింతురు. మా ముందు ఒక చిన్నది కన్నులు మూసికొని ఆ స్తంభమును చాలసేపు వదలలేదు. వెనుకనున్నవారు తొందరపెట్టబోగా అత్తగారు చేయి అడ్డుపెట్టి, "ఉండనీయండమ్మా" అనిరి. అందఱును ఆగిరి.

ఆలయము పడమటిముఖముగ నుండుట ఒక విశేషము. శిల్పమున కళింగరీతియు, దక్షిణపురీతియు కలసియున్నవి. తూర్పుగాంగ రాజగు మొదటి నరసింహదేవుని కాలము మొదలు 13వ శతాబ్దిలో ఆలయము విస్తరించి నేటి స్వరూపము దాల్చినది. కల్యాణమండపపు స్తంభములపై నృసింహుని పలు రూపములు చెక్కియున్నవి. గోడలపైన, స్తంభములపైన వందలకొలది శాసనములు. వానిలో మిక్కిలి పాతది 11వ శతాబ్ది నాటిది, కులోత్తుంగ చోళుని కాలపుది.

ఆ శాసనముల చరిత్రలో మా హృదయమున కెక్కిన సంగతులు రెండు. మొదటిది, 12వ శతాబ్దిలో వెలనాటి గొంకరాజు రాణి స్వామివారి విగ్రహమునకు బంగారు తొడుగు చేయించుట. వెలనాడనగా కృష్ణకు దక్షిణమున చందవోలు రాజధానిగా నేలిన సీమ. రైలు లేని ఆ కాలమున కృష్ణను, గోదావరిని దాటి మన వైపు స్త్రీ యొక్కతె భక్తి ఈ కొండకు చేరినది.

రెండవది శ్రీకృష్ణదేవరాయల సంగతి. ఆయన 1514వ సంవత్సరమున ఉదయగిరి దుర్గమును పట్టుకొని, అద్దంకి, వినుకొండ, బెల్లముకొండలను వశపఱచుకొని, 1515లో కొండవీటిని జయించి, కొండపల్లి, రాజమహేంద్రవరముల మీదుగా సింహాద్రికి వచ్చెను. అద్దంకి, వినుకొండ యనిన మా దర్శికి ఇరుగుపొరుగు. రాయలు సైన్యముతో రెండేండ్లు నడచిన త్రోవను మేము ఒక్కరాత్రి రైలులో దాటివచ్చితిమి గదా యని మాకు వింత తోచినది. ఆయన 1516లోను, తిరిగి 1519లోను స్వామిని దర్శించెను. 991 ముత్యముల హారమును, మణులు పొదిగిన కడియములను సమర్పించెను. రాణులగు చిన్నాదేవి, తిరుమలదేవుల పేరను పతకములు సమర్పించినట్లు శాసనము చెప్పుచున్నది. రాజు చరిత్రలో రాణుల పేరులు వినబడుట అరుదు. రాతిపై చెక్కించిన దానమువలన వారి పేరులు అయిదువందల యేండ్లుగా చెడక నిలిచినవి. నీరు మోసి బిడ్డలను పెంచిన స్త్రీల పేరులను ఏ రాతిపై వెదకవలయునో మాకు తెలియలేదు.

దర్శనానంతరము గంగధారకు పోయితిమి. ఆలయమునకు సమీపమున కొండ రాతినడుమనుండి నీరు సన్నని ధారగా పడుచుండును. చుట్టును చెట్ల నీడ. యాత్రికులు తల తడుపుకొనుచు, సీసాలలో పట్టుకొనుచు నుండిరి. అత్తగారు చేయి చాపి ధార క్రింద ఉంచిరి. చాలసేపు అట్లే యుంచిరి. పిదప దోసిలి పట్టి త్రాగిరి. "చప్పగా, సల్లగా ఉండయ్" అనిరి. మా వైపు నీటికి ఉప్పదనము, చేదు వగరు సహజము. నీరు చప్పగా నుండుట యే ఆమెకు తీపి. ప్రక్కన సంపెంగలు అమ్ముకొను ముసలమ్మను పిలిచి, "ఎండాకాలం ఆగిపోద్దా ఇది?" అని ప్రశ్నించిరి. "ఆగదమ్మా, సన్నబడద్దంతే" అని ఆమె జవాబు. అత్తగారు కొంతసేపటికి మా వైపు తిరిగి, "ఇదీ రాయే, మన గుట్టలూ రాయే. దీనికి నీళ్లెక్కడియ్యే?" అనిరి.

ఆ ప్రశ్న చిన్నపిల్లల ప్రశ్న వలె తోచినను సమాధానము తెలిసికొనదగినది. ఈ కొండల రాయి ఖోండలైటు అను జాతి. తూర్పుకనుమలలో నివసించు ఖోందుల పేర దానికా పేరు వచ్చినది. అది కాలక్రమమున గాలికి, వానకు చివికి ఎఱ్ఱమన్నై, నీటిని లోనికి పీల్చుకొనును. పైన చెట్లుండుటచే వాననీరు ఉఱకలేక ఆకులలో ఆగి, వేళ్లవెంట నేలలోనికి ఇంకును. ఇంకిన నీరు రాతి పగుళ్లలో దాగి, ఎండాకాలమునను మెల్లమెల్లగా ధారలై దిగును. గంగధార అట్లే, నగరమువైపు దిగు మాధవధార అట్లే. మా వైపు వానయే తక్కువ, రాయి గట్టిది, గుట్టపై చెట్టు లేదు. పడిన కొద్దిపాటి వాన గడియలో జాఱిపోవును. భూమిలో మిగిలిన కొంచెము నీరు కదలక రాతితో చిరకాలము కలసియుండి దాని దోషమును పట్టుకొనును. రాతిజాతిని మనము మార్చలేము, వానను పిలువలేము. చెట్టు పెట్టుట, ఇంటికప్పు మీది వాననీటిని తొట్టిలో పట్టి దాచుకొనుట మాత్రము మన చేతిలోని పనులు. ఇంత చెప్పగా విని అత్తగారు, "అయితే కొండకు దేవుడు కావాల, చెట్టూ కావాల" అని తేల్చిరి.

ఆమె తెచ్చుకొన్న రాగిచెంబునిండ గంగధార నీరు పట్టి, మూత బిగించి, దానిని మా చేతికీయక తామే ఒడిలో పెట్టుకొనిరి.

బస్సు కిటికీనుండి కనబడిన ఆ నీలిగీత ఆమె మనస్సును వదలలేదు. "ఆ సముద్రాన్ని దగ్గరగా, పైనుంచి చూడొచ్చా?" అనిరి. మఱునాడు కైలాసగిరికి తీసికొనిపోయితిమి. ఇది సింహాచలపు కొండవరుసకు తూర్పుకొన. నేరుగా సముద్రముపైననే నిలిచియున్నది. తీగమార్గమున వ్రేలాడు పెట్టెలలో కొండపైకి పోవచ్చును. మోకాళ్లు లేనివారికి ఇది గొప్ప వరము. పైన ఉద్యానము, తెల్లని శివపార్వతుల పెద్ద విగ్రహములు, పిల్లల రైలు కలవు. 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన వచ్చిన హుద్‌హుద్ తుపానులో నగరపు చెట్లతోపాటు ఈ కొండ చెట్లును పెక్కు కూలినవి. పిదప నాటినవి ఇప్పుడు నీడనిచ్చుచున్నవి.

అత్తగారు కటకటాల అంచున బల్లపై కూర్చుండిరి. క్రింద ఒకవైపు నగరపు తీరము వంపు తిరిగి డాల్ఫిన్ ముక్కు వఱకు పోయినది. వేఱొకవైపు ఋషికొండ, భీమిలి దిక్కున ఇసుకగీత సన్నగిల్లి కనుమఱుగైనది. రేవులోనికి రావలసిన ఓడలు దూరమున నిలిచియున్నవి. జాలరుల పడవలు వాని యెదుట గింజలవలె నుండెను. అంత నీరు ఒక్కచోట చూచిన ఆమె ఏమనునో యని మేమెదురుచూచితిమి. ఆమె గంటసేపు మౌనముగ కూర్చుండి, తుదకు, "ఇన్ని నీళ్లుండీ తాగను పనికిరావు గదా" అనిరి. పిదప నవ్వి, "అందుకే ఆ చిన్న ధారకు అంత పేరు" అనిరి.

పెద్దలను తీసికొనిపోవు సోదరీమణులకు మా యనుభవమునుండి రెండు మాటలు. ఎండ ముదరక మున్నే, మాఘ ఫాల్గుణములలో పోవుట మేలు. చందనోత్సవమునాడు సమ్మర్దము మిక్కిలి హెచ్చు గనుక వృద్ధులను, పసిబిడ్డలను తీసికొనిపోవుటకు అది తగిన దినము కాదు. ఒక్కనాడే సర్వమును చూడవలెనని తొందరపడక, ఒకనాటికి ఒక్క కొండయే పెట్టుకొనవలెను. మెట్లెక్కలేని పెద్దలను "మీకెందుకు" అని వారింపక, ఎక్కగలిగినన్ని ఎక్కనిచ్చి, తక్కినవి మనము ఎక్కవలెను.

నాలుగవనాటి ఉదయమునకు ఇల్లు చేరితిమి. అత్తగారు గుమ్మము దాటినంతనే దేవునిగూటి వైపు పోలేదు. నేరుగా నీళ్ల గదికి పోయిరి. బిందెలన్నియు నిండి, మూతలు పెట్టియుండెను. త్రాగునీటి కుండ కడిగి క్రొత్తగా నింపియుండెను. "ఎవరు పట్టారు?" అని అడిగిరి. ఏబది సంవత్సరముల క్రిందట ఆ మ్రొక్కుకు కారణమైన చిన్నకుమారుడు, "నేనేనమ్మా. రోజూ పొద్దున్నే పట్టా" అని తల గోకికొనుచు చెప్పెను. అందఱమును నవ్వితిమి. అత్తగారు నవ్వలేదు. చెంబు మూత తీసి గంగధార నీరు అందఱకు తలొక చెంచా పోసిరి. మిగిలిన దానిని వాకిట క్రొత్తగా నాటిన వేపమొక్క మొదట పోసిరి. పోసి, ఖాళీ చెంబును చేతబట్టుకొని, మెల్లగా ఇట్లనిరి:

"నీళ్లు పట్టేవాళ్లు ఇంట్లోనే ఉండారు. నేను అడగలా. యాభై ఏళ్లు అడగలా."

సోదరీమణులారా, మీ యిండ్లలోను ఇట్టి మ్రొక్కులు, ఇట్టి కోరికలు, బిందెల వెనుక దాగియుండునేమో విచారింపుడు. అడుగని పెద్దలను మీరే అడుగుడు. అడుగుట యలవాటు లేని మీరును, మోకాళ్లు పోకమున్నే ఒకమాఱు అడిగి చూడుడు.